పాత బీటిల్ హ్యాండ్‌బ్రేక్: లోపం కేబుల్‌లోనేనా?

పది డిగ్రీల వాలున్న రోడ్డు మీద నిలిపిన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ బరువు 800 కిలోలనుకుంటే, భూమ్యాకర్షణ దాన్ని సుమారు 140 కిలోల బరువుకు సమానమైన బలంతో పల్లానికి లాగుతూ ఉంటుంది. దాన్ని అడ్డుకోవలసింది వెనుక చక్రాలతో పాటు తిరిగే డ్రమ్ముల లోపలి గోడను ఒత్తిపట్టే బ్రేక్ షూలే. హ్యాండ్‌బ్రేక్ లీవర్, దాని నుంచి ఒక్కో వెనుక చక్రానికి వెళ్లే కేబుల్, డ్రమ్ము లోపలి మరో చిన్న లీవర్ కలిసి చేతి బలాన్ని ఎన్నో రెట్లు పెంచుతాయి. అయితే బలం ఎన్ని రెట్లు పెరుగుతుందో కదలిక అన్ని రెట్లు తగ్గుతుంది కాబట్టి, లీవర్‌ను పూర్తిగా పైకెత్తినా షూ జరిగేది కొన్ని మిల్లీమీటర్లే. షూ మీద ఉండే రాపిడి పొర, అంటే లైనింగు, అరిగి డ్రమ్ముకు దూరమైతే ఆ కాస్త కదలికా ఖాళీని పూడ్చడానికే సరిపోతుంది, ఇక ఒత్తడానికి ఏమీ మిగలదు.

లీవర్ బాగా పైకి వస్తోందనగానే చాలామంది దాని మొదట్లో ఉన్న నట్లను బిగిస్తారు. చేతికి అందే పని అదే కాబట్టి అలా చేయడం సహజమే కానీ, క్రమం తలకిందులవుతుంది. అతిగా బిగిసిన కేబుల్ డ్రమ్ములోని లీవర్‌ను విశ్రాంతి స్థానానికి వెళ్లనివ్వదు. షూలు పూర్తిగా వెనక్కి రాక డ్రమ్మును రాసుకుంటూ వేడెక్కుతాయి, అరిగిన లైనింగు మాత్రం అరిగినట్టే ఉంటుంది.

సరైన పద్ధతిలో ముందు చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, వెనుక భాగాన్ని జాకీతో లేపి స్టాండుల మీద నిలిపి, లీవర్‌ను పూర్తిగా దించి, కేబుల్ నట్లను వదులు చేయాలి. తరువాత షూలను సర్దే పళ్ల చక్రాన్ని రోడ్డు చక్రం ఆగేదాకా తిప్పి, పెడల్‌ను ఒకటి రెండు సార్లు తొక్కి షూలను మధ్యకు తెచ్చి, మూడు నాలుగు పళ్ళు వెనక్కి వదలాలి. ఒక్కో షూకు ఒక్కో పళ్ల చక్రం ఉంటుంది, రెండింటినీ సర్దాలి. కేబుల్ వంతు ఆ తరువాతే. లీవర్‌ను పైకెత్తేటప్పుడు టిక్కుమంటూ ఆగే గాట్లలో రెండో దాని దగ్గర చక్రాలు చేత్తో కష్టంగా తిరగాలి, నాలుగో గాటు దగ్గర అసలు తిరగకూడదు. రెండు పక్కలా పట్టు సమానంగా ఉందో లేదో ఇక్కడే తెలుస్తుంది. ఒక పక్క మాత్రమే వెనకబడితే ఆ కేబుల్ గొట్టంలో తుప్పు పట్టి బిగుసుకుపోయిందేమో చూడాలి.

లీవర్ త్వరగానే గట్టిపడినా కారు జారుతోందంటే అది వేరే జబ్బు. కదలిక చాలుతోంది, లేనిది ఘర్షణ. పొడి లైనింగుకు ఘర్షణ గుణకం ఇంచుమించు 0.35 ఉంటుంది, నూనె తగిలితే అది బాగా పడిపోతుంది. పాత బీటిళ్లలో గేర్‌బాక్సు నూనె ఇరుసు గొట్టాలలోకి కూడా వస్తుంది కాబట్టి, చివర నూనె బయటికి రాకుండా ఆపే ఆయిల్ సీల్ చెడితే డ్రమ్ములోకే కారుతుంది. లైనింగు రంధ్రాలలోకి ఇంకిన నూనె పెట్రోలుతో కడిగినా పోదు, వేడికి మళ్ళీ పైకి వస్తుంది. సీల్‌తో పాటు షూలనూ మార్చక తప్పదు, అదీ రెండు చక్రాలకూ. పాత షూలలో, పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి డ్రమ్ములోని దుమ్మును గాలితో ఊదకుండా, మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడవాలి.