పెసల డబ్బాలో ఆయుధ పోటీ

బేగంబజారులో కొన్న పెసలను వానాకాలంలో డబ్బాలో పోసి మరచిపోతే, మూత తీసేసరికి గోధుమరంగు పురుగులు గిలగిలలాడుతూ కనిపిస్తాయి. హైదరాబాద్ ఇల్లాళ్లు వాటిని చేటలో పోసి చెరిగేస్తారు. చెరిగే ముందు ఒక గింజను వెలుతురుకు పెట్టి చూడండి. పైన అతుక్కున్న తెల్లని చుక్కలు గుడ్లు. గుండ్రని రంధ్రం, లోపలే గింజ తిని పెరిగిన పురుగు బయటపడిన దారి. బయటికొచ్చాక దానికి తిండితో పనిలేదు. జతకట్టడం, గుడ్లు పెట్టడం, చావడం, అంతే.

వీటిలో కాలోసోబ్రూకస్ మాక్యులేటస్ అనే జాతి మగపురుగు పొడవు సుమారు మూడు మిల్లీమీటర్లు. దాని పురుషాంగం చివర మాత్రం గట్టి ముళ్ల గుత్తి ఉంటుంది. సంపర్కంలో అవి ఆడపురుగు జననమార్గం గోడలను చీలుస్తాయి. కాసేపటికి ఆడది వెనక కాళ్లతో మగదాన్ని తన్నడం మొదలుపెడుతుంది. తన్నడానికి వీల్లేకుండా చేసి చూస్తే సంపర్కం ఎక్కువసేపు సాగింది, గాయాలూ పెరిగాయి.

కీటకాల జననాంగాలు జాతి జాతికీ వేరుగా ఉంటాయి. పైకి ఒకేలా కనిపించే రెండు జాతులను వేరుచేయడానికి నిపుణులు తరచుగా చూసేది వాటినే. 1844లో ఫ్రెంచి శాస్త్రవేత్త లియోన్ డ్యుఫూర్ దీనికి తాళం, తాళంచెవి పోలిక చెప్పాడు: పరాయి జాతితో కలయిక కుదరకుండా ఈ ఏర్పాటు అని. వినడానికి చక్కగా ఉంది కానీ, తాళాన్ని చీల్చే తాళంచెవి ఎందుకు పుట్టిందో అది చెప్పదు.

స్వీడన్ పరిశోధకులు 2012లో ఆ ముళ్లను లేజర్‌తో కత్తిరించి చూశారు. ముళ్లు పొట్టివైన మగపురుగులకు సంతానంలో దక్కిన వాటా తగ్గింది. ఒక ఆడపురుగు పలు మగపురుగులతో జతకట్టే చోట ముళ్లు లాభమే తెస్తాయన్నమాట. ఆడజాతి చేతులు కట్టుకుని కూర్చోలేదు. మగవాటి అంగం ఎక్కువ హాని చేసే జాతుల్లో ఆడవాటి జననమార్గం గోడలు మందంగా ఉన్నాయి. మొత్తం కీటకాలను తీసుకున్నా, ఆడవి పలుమార్లు జతకట్టే వర్గాల్లో మగ జననాంగాల రూపం రెండింతలకు పైగా ఎక్కువ వైవిధ్యంగా మారిందని 1998లో యోరన్ ఆర్న్‌క్విస్ట్ చూపాడు.

పోటీ గాయాలతోనే జరగాలని లేదు. చెరువు గట్ల మీద రెక్కలు మూసుకుని వాలే సన్నని తూనీగల బంధువు ఒకటి అమెరికాలో ఉంది. దాని మగది ముందుగా అంతకుముందటి మగదాని వీర్యాన్ని తోడేసి, ఆ తరువాతే తనది వదులుతుందని 1979లో జొనాథన్ వాగే కనిపెట్టాడు.

ఇక బ్రెజిల్ గుహల్లోని నియోట్రోగ్లా అనే చిన్న కీటకం కథే వేరు. అక్కడ ముళ్లున్న అంగం ఆడదానిది! మగదాని లోపలికి చొప్పించి, 40 నుంచి 70 గంటలు పట్టుకుని ఉంటుంది. గుహలో తిండి కరువు. వీర్యంతో పాటు పోషకాలూ అందుతాయి కాబట్టి జతకు ఎగబడేది ఆడవే అని శాస్త్రవేత్తల ఊహ. ఒక జంటను విడదీయబోతే మగదాని ఒళ్లే తెగింది, పట్టు మాత్రం వదల్లేదు.