యిన్ లోపమని పరీక్షలు మానుకోకండి: అపోహలు - వాస్తవాలు

ఆక్యుపంక్చర్ కోసం నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఈ మధ్య జబ్బు పేరు కూడా తామే చెబుతున్నారు. ఏదో వీడియోలో విన్న లక్షణాలన్నీ తమకు ఉన్నాయనీ, చైనా సంప్రదాయ వైద్యం చెప్పే యిన్ అనే చలువ శక్తి ఒంట్లో తగ్గిందనీ, సూదులు వేసి సమం చేస్తే చాలనీ అంటారు. నిద్ర కరువై, దిగులుతో ఏదో ఒక ఆధారం వెతుక్కునేవారిని నేను తప్పుపట్టను. తెలిసీ తెలియని మాటలు ప్రచారం చేసేవారి మీదనే నాకు కోపం.

అపోహ: యిన్ లోపమని తేలితే జబ్బుకు కారణం తెలిసినట్లే, ఇక రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు అక్కరలేదు.

వాస్తవం: కొన్ని లక్షణాలు కలిసి కనిపించినప్పుడు చైనా సంప్రదాయ వైద్యులు వాటికి పెట్టిన పేరే యిన్ లోపం. ఒంటిని చల్లగా, తడిగా ఉంచేది యిన్ అనీ, వేడినీ కదలికనూ ఇచ్చేది యాంగ్ అనీ, ఒకటి తగ్గితే రెండోది పైచేయి అవుతుందనీ వారి సిద్ధాంతం. అందుచేత నిద్రలో చెమటలు, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడటం, పొడి దగ్గు, చిక్కిపోవడం, పూత లేని ఎర్రటి నాలుక కనబడితే యిన్ తగ్గిందంటారు. వీటిలో చాలా భాగం క్షయలోనూ ఉంటాయి. చెమటలు, గుండెదడ, బరువు తగ్గడం థైరాయిడ్ అతిగా పనిచేసినా వస్తాయి. ముట్లుడిగే వయసులోనూ చెమటలు పడతాయి. ఈ మూడింటికీ ఆ ఒక్క పేరే పెట్టవచ్చు గాని, వీటిలో క్షయ మాత్రం ఇంటిల్లిపాదికీ అంటుకోగలదు.

యాంగ్ ఎప్పుడూ మితిమీరుతుందనీ యిన్ చాలదనీ బోధించిన చైనా వైద్యుడు జు డాన్‌షీ 1281-1358 మధ్య జీవించాడు. క్షయ క్రిమిని కనుగొన్నట్లు రాబర్ట్ కోక్ ప్రకటించినది 1882లో. నాడి, నాలుక, ముఖవర్ణం తప్ప వేరే సాధనం లేని కాలంలో ఆ వైద్యులు చూపిన పరిశీలన నాకు గౌరవం కలిగిస్తుంది. నేటి చైనాలో సంప్రదాయ వైద్యశాలలు కూడా ఎక్స్‌రేలు తీయిస్తాయి, క్షయకు ప్రధానంగా ఆధునిక మందులే వాడతారు.

ఒకసారి ఒక తల్లి డిగ్రీ చదివే కొడుకును వెంటబెట్టుకొని వచ్చి, "వీడికి యిన్ తగ్గిందటండీ, సూదులు వేయండి" అని అడిగింది. మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి చూస్తే నాడి దారంలా సన్నగా, వేగంగా ఉంది. నాలుక ఎర్రగా ఉంది, మధ్యలో పూత పూర్తిగా పోయింది. మాట పూర్తికాకముందే దగ్గు వస్తోంది. మూడు వారాలుగా ఇంతేననీ, తెల్లవారేసరికి దిండు గలీబు తడిసిపోతోందనీ ఆమె చెప్పింది. నేను సూది పట్టుకోకుండా తెమడ పరీక్షకు రాసిచ్చాను. క్షయ అని తేలాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "రేపు వీడికి పిల్లనెవరిస్తారండీ?" ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితమనీ, సాధారణంగా ఆరు నెలలు మానకుండా వాడితే నయమవుతుందనీ ఎంతో సేపు నచ్చజెప్పవలసి వచ్చింది. రెండు వారాలకు మించిన దగ్గు ఎవరికున్నా పరీక్ష చేయించుకోవాలి.

తక్కినవి క్లుప్తంగా చెబుతాను. యిన్ చెడు, యాంగ్ మంచి అన్నది తప్పు. యిన్‌కు చెందిన రాత్రి అతి దీర్ఘంగా ఉండే శీతాకాలపు అయనాంతం నాడే యాంగ్ మళ్లీ పుడుతుందని చైనీయులు భావిస్తారు. స్త్రీ అంతా యిన్, పురుషుడంతా యాంగ్ అనడమూ సరికాదు. ఎవరి శరీరంలోనైనా వీపు యాంగ్, పొట్ట యిన్ అని వారి ప్రాచీన వైద్యగ్రంథం హువాంగ్‌డీ నెయ్‌జింగ్ చెబుతుంది. మన వేడి, చలువలతో కొంత పోలిక ఉన్నది నిజమే గాని, లోపల-బయట, నిశ్చలత-చలనం కూడా ఆ జంటలో భాగమే కనుక, మన పథ్యాల పట్టికను దానికి అతికించకూడదు. ఉంగరాల మీద యిన్-యాంగ్ గుర్తుగా అమ్మే నలుపు తెలుపుల చక్రానికి చికిత్సలో పాత్ర ఏమీ లేదు.

యాంగ్ పెంచుతాయని ఆన్‌లైన్‌లో అమ్మే పొడుల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. యాంగ్‌కు చైనా వైద్యులు వాడే ఫూజీ అన్న దుంప మన వసనాభి జాతిదే. దానిని శుద్ధి చేసి, చాలాసేపు మరిగించి, కొలత ప్రకారం ఇస్తారు. సరిగా శుద్ధి కానిది గుండె లయను దెబ్బతీసి ప్రాణం తీయగలదు. అటువంటి పొడి ఇప్పటికే తింటున్నవారికి మూతి, నాలుక తిమ్మిరెక్కినా, గుండె దడదడలాడినా, మిగిలిన పొట్లం వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.