అటు చేరేది ఎంత? విదేశాలకు డబ్బు పంపడంపై అపోహలు, వాస్తవాలు

నా ఉద్యోగ జీవితంలో మొదటి సగం ఒక బ్యాంకు విదేశీ మారక విభాగంలో గడిచింది, రెండో సగం డబ్బు బదిలీ చేసే ఒక సంస్థలో. రెండు చోట్లా జనం నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్న ఒకటే: "మీ ఫీజు ఎంతండీ?" ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పినా వాళ్లకు మేలు జరిగేది కాదు. "నేను ఇంత ఇస్తే, అన్నీ పోగా అక్కడివాళ్ల చేతికి ఎంత అందుతుంది?" అని అడిగినవాళ్లు చాలా తక్కువమంది. ఈ రంగంలోని అపోహల్లో చాలావరకు ఆ రెండో ప్రశ్న అడగకపోవడం వల్ల నిలబడినవే.

అపోహ: ఫీజు సున్నా అంటే ఖర్చు సున్నా

విదేశాలకు డబ్బు పంపినప్పుడు ఖర్చు రెండు చోట్ల పడుతుంది. ఒకటి ఫీజు. అది రసీదు మీద కనిపిస్తుంది. రెండోది మారకపు రేటులో కలిసిపోయే మార్జిన్. దానికి చాలా రసీదుల్లో చోటే ఉండదు. పెద్ద బ్యాంకులు ఒకదానితో ఒకటి కరెన్సీలు కొంటూ, అమ్ముకుంటూ ఉంటాయి. ఆ కొనుగోలు ధరకూ అమ్మకపు ధరకూ సరిగ్గా నడుమ ఉండేదాన్ని మేము మధ్య రేటు అంటాం. ఇంటర్నెట్‌లో వెతికితే కనిపించేది దాదాపు అదే. మీకు ఇచ్చే రేటు దానికంటే ఎంత తగ్గితే, ఆ తగ్గినదంతా మీరు కట్టిన ఖర్చే.

ఒక లెక్క చూడండి. అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవి. మధ్య రేటు డాలరుకు 0.90 యూరో అనుకుందాం. మీ దగ్గర 1,000 డాలర్లు ఉన్నాయి. ఏ ఖర్చూ లేకపోతే అటు 900 యూరోలు చేరాలి. మొదటి సంస్థ ఫీజు లేదని చెప్పి 0.873 రేటు ఇచ్చింది. చేరేది 873 యూరోలు. రెండో సంస్థ 6 డాలర్ల ఫీజు పట్టుకుని, మిగిలిన 994 డాలర్లను 0.898 చొప్పున మార్చింది. చేరేది 892 యూరోల 61 సెంట్లు. ఫీజు తీసుకున్న సంస్థే దాదాపు 20 యూరోలు ఎక్కువ చేర్చింది. నెలనెలా పంపే కుటుంబానికి ఏడాది తిరిగేసరికి ఆ తేడా 235 యూరోలు.

మార్జిన్ తీసుకోవడమే తప్పని నేను అనను. కరెన్సీని కొని సిద్ధంగా ఉంచుకోవడానికీ, ఈలోపు రేటు మారితే వచ్చే నష్టాన్ని మోయడానికీ ఖర్చవుతుంది. మధ్య రేటే ఇచ్చి, తన రాబడిని మొత్తంగా ఫీజు రూపంలో చూపే సంస్థా ఉంటుంది, కొంత ఫీజులో కొంత రేటులో తీసుకునే సంస్థా ఉంటుంది. ఏ పద్ధతైనా సరే, పంపేవాడికి ముందుగా కనబడాలన్నదే నా పట్టుదల. అమెరికాలో 2013 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న నిబంధన ఈ విషయంలో నాకు చాలా నచ్చింది. వినియోగదారు డబ్బు కట్టకముందే ఫీజులు, మారకపు రేటు, అటు అందే మొత్తం చూపించాలని అది సంస్థలను కోరుతుంది. అలాంటి నిబంధన లేని చోట ఆ మూడో అంకెను మనమే అడిగి రాబట్టుకోవాలి. చెప్పడానికి వెనకాడే సంస్థ జోలికి వెళ్లవద్దు.

అపోహ: బ్యాంకు నుంచి బ్యాంకుకు పంపితే మధ్యలో ఎవరూ ఉండరు

ఈ అపోహ వల్ల నష్టపోయినవాళ్లను నేను అందరికంటే ఎక్కువగా చూశాను. బ్యాంకులో పనిచేస్తున్న రోజుల్లో ఒక తండ్రి తన కూతురి కళాశాల ఫీజు పంపడానికి వచ్చారు. కళాశాల ఎంత రాసిందో సరిగ్గా అంతే పంపారు. మా బ్యాంకు ఫీజు విడిగా కట్టారు. పది రోజుల తర్వాత కళాశాల నుంచి ఉత్తరం వచ్చింది. ఫీజు పూర్తిగా అందలేదు, 18 డాలర్లు తక్కువ, కాబట్టి నమోదు ఆపుతున్నామని. ఆ కొద్ది మొత్తం పంపడానికి ఆయన మళ్లీ పూర్తి ఫీజు కట్టవలసి వచ్చింది. ఆ రోజు కౌంటరు దగ్గర ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ముందే చెప్పవలసినది మేము చెప్పలేదు.

ఆ 18 డాలర్లు ఎక్కడికి పోయాయి? స్విఫ్ట్ డబ్బును మోసుకుపోతుందని చాలామంది అనుకుంటారు. 1973లో బెల్జియంలో ఏర్పడిన ఆ సంస్థ మోసేది సందేశాలను. ఫలానా ఖాతాకు ఇంత జమ చేయండి అనే సందేశం ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు వెళుతుంది. డబ్బు మాత్రం బ్యాంకులు ఒకదాని దగ్గర ఒకటి తెరుచుకున్న ఖాతాల్లో జమా ఖర్చులుగా కదులుతుంది. మీ బ్యాంకుకూ అటువైపు బ్యాంకుకూ అలాంటి ఖాతా సంబంధం లేకపోతే, ఇద్దరికీ తెలిసిన మూడో బ్యాంకు కావాలి. ఒక్కోసారి నాలుగోది కూడా. వీటిని కరస్పాండెంట్ బ్యాంకులు అంటారు. దారిలో ఉన్న ప్రతి బ్యాంకూ తన కూలి తాను కోసుకోవచ్చు, ఆఖరున డబ్బు అందుకునే బ్యాంకు కూడా.

అందుకే బ్యాంకు దరఖాస్తులో ఖర్చులు ఎవరు భరించాలని ఒక గడి ఉంటుంది. ఓయూఆర్ అని రాస్తే దారిఖర్చులన్నీ పంపేవాడివి. ఎస్‌హెచ్‌ఏ అంటే మీ బ్యాంకు ఖర్చు మీది, మిగతావి అందుకునేవాడివి. బీఈఎన్ అంటే అన్నీ అందుకునేవాడి నుంచే. ఆ తండ్రి దరఖాస్తులో ఎస్‌హెచ్‌ఏ టిక్కు పెట్టి ఉంది, ఎవరూ అడగకుండానే. కళాశాల ఫీజు, ఇంటి అద్దె, వ్యాపార బిల్లు వంటివి, అంటే అంకె తగ్గితే చిక్కు వచ్చేవి పంపేటప్పుడు ఓయూఆర్ ఎంచుకోండి. పైకి ఎక్కువ ఖర్చులా కనిపిస్తుంది, చివరికి అదే తక్కువ పడుతుంది. 2017లో స్విఫ్ట్ తెచ్చిన జీపీఐ సేవ వల్ల ప్రతి చెల్లింపుకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటోంది. దానితో డబ్బు ఏ బ్యాంకు దగ్గర ఉందో, దారిలో ఎంత కోశారో మీ బ్యాంకు చూడగలదు. తేడా వస్తే మొహమాటపడకుండా ఆ వివరం అడగండి.

డబ్బు బదిలీ సంస్థల్లో చాలావరకు ఈ దారిని తప్పించుకుంటాయి. రెండు దేశాల్లోనూ వాటికి ఖాతాలు ఉంటాయి. మీరు ఇక్కడ కట్టింది ఇక్కడి ఖాతాలో ఉంటుంది, అక్కడి ఖాతా నుంచి అక్కడి కరెన్సీలో మీవాళ్లకు స్థానిక బదిలీగా వెళుతుంది. చిన్న మొత్తాల విషయంలో వాళ్లు బ్యాంకులకంటే చౌకగా ఇవ్వగలగడానికి ఇది ఒక ముఖ్య కారణం. కొన్ని దేశాలు తమ తక్షణ చెల్లింపు వ్యవస్థలనే నేరుగా కలుపుకుంటున్నాయి. సింగపూర్, థాయ్‌లాండ్ 2021 ఏప్రిల్‌లో అలా కలిపాయి. అక్కడ ఒక ఫోను నంబరు చాలు. మీరు పంపే దేశానికి అలాంటి సదుపాయం వచ్చిందేమో మొదట చూడండి.

అపోహ: ఒకసారి చౌకగా దొరికినది ఎప్పుడూ చౌకే

ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎంత, ఏ విధంగా. ఈ నాలుగింటిలో ఏది మారినా జవాబు మారిపోతుంది. పోటీ ఎక్కువగా ఉన్న రెండు దేశాల మధ్య ఖర్చు ఒక శాతం దరిదాపుల్లోకి దిగవచ్చు. అటునుంచి ఇటు అదే జంట దేశాల మధ్య అంతకు ఎన్నో రెట్లు పడవచ్చు. ప్రపంచ బ్యాంకు దేశాల జంటల వారీగా, సంస్థల వారీగా ఈ ఖర్చులను సేకరించి అందరికీ ఉచితంగా ఉంచుతోంది. ఫీజునూ రేటు మార్జిన్‌నూ కలిపి మొత్తం ఖర్చును చూపే ఆ పట్టిక మీ దారిలో ఎవరెవరు ఉన్నారో తెలుసుకోవడానికి మంచి మొదలు. 2009లో జీ8 దేశాలు (ఎనిమిది పెద్ద ఆర్థిక దేశాల కూటమి) ఇటలీలోని లాకిలాలో సమావేశమై, సగటు ఖర్చును ఐదేళ్లలో 10 శాతం నుంచి 5 శాతానికి దించాలని అనుకున్నాయి. ఇప్పటికీ 200 డాలర్లు పంపడానికి అయ్యే ప్రపంచ సగటు ఖర్చు 6 శాతానికి పైనే ఉంది. 2030 నాటికి దాన్ని 3 శాతంలోపుకు తేవాలన్నది ఐక్యరాజ్యసమితి లక్ష్యం. కష్టపడి సంపాదించి ఇంటికి పంపే డబ్బులో ఇంత భాగం దారిలోనే పోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఇంకో సంగతి. మొదటి బదిలీకి చాలా సంస్థలు ప్రత్యేకమైన రేటు ఇస్తాయి. రెండోసారికి అది ఉండదు. మొదటిసారి బాగుందని అక్కడే స్థిరపడినవాళ్లు, రెండో నెల నుంచి రేటు చూడటం మానేస్తారు. ప్రతిసారీ పోల్చే ఓపిక లేకపోతే కనీసం మూడు నెలలకోసారైనా, ఒకే రోజున, ఒకే గంటలో, ఒకే మొత్తానికి మూడు సంస్థలను పోల్చండి. నిన్నటి రేటును ఈరోజు రేటుతో పోలిస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే ఆలోపు మార్కెట్టే కదిలి ఉంటుంది.

అపోహ: కొంచెం కొంచెంగా పంపితే కలిసి వస్తుంది

ఫీజు ఏ రూపంలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక బ్యాంకు 25 డాలర్ల స్థిరమైన ఫీజు, అరశాతం మార్జిన్ తీసుకుంటోంది అనుకోండి. ఒక యాప్‌లో 2 డాలర్ల ఫీజు, ఒకటిన్నర శాతం మార్జిన్. 200 డాలర్లు పంపితే బ్యాంకులో 26, యాప్‌లో 5 పోతాయి. 20,000 పంపితే బ్యాంకులో 125, యాప్‌లో 302. సుమారు 2,300 డాలర్ల దగ్గర ఇద్దరూ సమానం. మీ సంస్థల అంకెలతో ఈ సమాన స్థానాన్ని ఒకసారి కట్టుకుంటే, ఎప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలిసిపోతుంది. పెద్ద మొత్తాలు పంపేవాళ్లకు బ్యాంకులో రేటు మాట్లాడుకునే వీలు కూడా ఉంటుంది. కౌంటరు బోర్డు మీది రేటే ఆఖరిదని అనుకోవద్దు. నేను బ్యాంకులో ఉండగా, అడిగిన పెద్ద ఖాతాదారులకు రేటు మెరుగుపడేది. అడగనివారికి బోర్డు రేటే పడేది.

పరిమితులను తప్పించుకోవడానికి పెద్ద మొత్తాన్ని ముక్కలు చేయడం మాత్రం వద్దు. చాలా దేశాల్లో అది అక్రమ ధన తరలింపు అనుమానానికి దారితీస్తుంది. ఖాతా స్తంభించిపోతే మిగిలిందేమీ ఉండదు.

అపోహ: మన కరెన్సీలోనే పంపితే మార్పిడి ఖర్చు తప్పుతుంది

తప్పదు. మార్పిడి అటువైపు బ్యాంకు చేస్తుంది, తనకు నచ్చిన రేటుకు. మీరు చూడలేరు, బేరమాడలేరు. అందుకునే ఖాతా ఏ కరెన్సీలో ఉందో కనుక్కుని, ఆ కరెన్సీలోకి మార్చే పంపండి. ఖాతా డాలర్లలో ఉంటే డాలర్లే పంపాలి. లేకపోతే మార్పిడి రెండుసార్లు జరిగి రెండు మార్జిన్లు పోతాయి.

అపోహ: ఇంకో వారం ఆగితే మంచి రేటు వస్తుంది

రేపటి రేటు నాకు తెలియదు, నా పై అధికారులకూ తెలియలేదు. సాధారణమైన వారాల్లో రేటు అటూ ఇటూ కదిలేది తరచుగా ఒక శాతం లోపే. తప్పు సంస్థను ఎంచుకుంటే పోయేది మూడు నాలుగు శాతం. మీ చేతిలో ఉన్నది రెండోదాన్ని సరిచేసుకోవడమే. ఒక చిన్న జాగ్రత్త మాత్రం పనికొస్తుంది. శని, ఆదివారాల్లో మారకపు మార్కెట్ మూసి ఉంటుంది కాబట్టి కొన్ని సంస్థలు మార్జిన్ పెంచుతాయి. తొందర లేకపోతే వారం మధ్యలో పంపండి.

అపోహ: ఎలా కట్టినా ఒకటే

ఖాతా నుంచి కట్టడం సాధారణంగా చౌక. క్రెడిట్ కార్డుతో కడితే చాలా కార్డులు దాన్ని నగదు తీసుకున్నట్టు లెక్కవేస్తాయి. దానికి వేరే ఫీజు, పైగా ఆ రోజు నుంచే వడ్డీ. అటువైపు నగదుగా తీసుకుంటే ఖాతాలో జమ కంటే ఎక్కువ పడవచ్చు. నిమిషాల్లో చేరాలంటే ఒక ధర, రెండు రోజులైనా ఫర్వాలేదంటే ఇంకో ధర.

అపోహ: క్రిప్టోతో పంపితే ఉచితం

నెట్‌వర్క్ మీద కదలడానికి పట్టేది తక్కువే కావచ్చు. కానీ ఇటు కొనేటప్పుడు, అటు అమ్మి స్థానిక కరెన్సీగా బ్యాంకులో వేసుకునేటప్పుడు రెండు చోట్లా కోత ఉంటుంది. ఆ రెండూ కలిపి లెక్కవేశాకే పోల్చండి. తప్పు క్రిప్టో చిరునామాకు వెళ్లిపోతే వెనక్కి తెప్పించే దారి ఉండదు. లైసెన్సు లేని హవాలా మనుషుల సంగతి ఇంకా సూటిగా చెబుతాను. డబ్బు చేరకపోతే ఫిర్యాదు చేయడానికి మీ దగ్గర కాగితం ఉండదు, పైగా అనేక దేశాల్లో మీరే నేరంలో భాగమవుతారు. రెండు శాతం మిగులుతుందని మొత్తాన్ని పణంగా పెట్టవద్దు.

అపోహ: వివరాల్లో చిన్న తప్పు ఉంటే డబ్బు వెనక్కి వచ్చేస్తుంది, నష్టమేమీ లేదు

వెనక్కి రావచ్చు, అంతే మొత్తం రాదు. మీ డబ్బు యూరోలుగా మారి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ డాలర్లుగా మారుతుంది, ఈసారి బ్యాంకు కొనే రేటుకు. దారిలో బ్యాంకులు మళ్లీ కోసుకుంటాయి. వెయ్యి పంపితే 940 తిరిగి వచ్చిన సందర్భాలు నా చేతుల మీదుగానే జరిగాయి.

ఐబాన్ అనే అంతర్జాతీయ ఖాతా సంఖ్యను వాడే దేశాల్లో అది గరిష్ఠంగా 34 అక్షరాలు ఉంటుంది. మొదటి రెండు దేశాన్ని, తరువాతి రెండు తనిఖీ అంకెలను సూచిస్తాయి. ఆ తనిఖీ అంకెలు టైపు చేసేటప్పటి పొరపాట్లను దాదాపు అన్నిటినీ పట్టేస్తాయి. కానీ సరైన రూపంలోనే ఉన్న వేరొకరి ఖాతా సంఖ్యను పట్టలేవు. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు కాకుండా ఖాతాలో ఉన్నట్టు రాయండి. ఇంటిపేరు ముందా, వెనకా అన్న తేడాకే ఆగిపోయిన బదిలీలు ఎన్నో. కొత్త ఖాతాకు పెద్ద మొత్తం పంపవలసి వస్తే ముందు ఒక చిన్న మొత్తం పంపండి. దానికయ్యే ఫీజును దండగ అనుకోవద్దు. అది చేరాక, ఖాతాలో జమ అయిన అంకె కనిపించేలా ఫొటో తీసి పంపమని అడగండి. ఆ అంకెను మీ రసీదు పక్కన పెట్టి సరిచూసుకున్నాకే మిగతాది పంపండి.