పాత జీపుకు డీజిల్ ఇంజిన్: సామాను పోగేసే ముందు వదిలించుకోవాల్సిన అపోహలు

"అన్నా, ఇంజిన్ దొరికేసింది. ఇంక ఎక్కించడమే!" అని ఎవరైనా ఫోన్ చేస్తే నేను ముందు అడిగేది "బెల్ హౌసింగ్ కూడా తెచ్చారా?" అనే. ఇంజిన్‌ను గేర్ బాక్స్‌తో కలిపే, లోపల క్లచ్ ఉండే గూడు అది. చాలాసార్లు తేలేదనే జవాబే వస్తుంది.

విజయవాడ ఆటోనగర్‌లో పాత జీపుల పని చేయబట్టి ఇరవై ఏళ్లు దాటింది. నా షెడ్డుకు ఎక్కువగా వచ్చేవి మహీంద్రా వారి సీజే3బీ జీపులు. ఎత్తు బానెట్, దాని కింద 2,199 సీసీ హరికేన్ పెట్రోలు ఇంజిన్. దాన్ని దించి డీజిల్ పెట్టుకోవాలన్న కోరిక మన దగ్గర కొత్తదేం కాదు. కానీ ఇంజిన్ దించేశాక ఏళ్ల తరబడి టార్పాలిన్ కింద పడి ఉన్న జీపుల్ని చూస్తే నాకు బాధేస్తుంది. అలా ఆగిపోయిన వాటిలో ఇంజిన్ దొరక్క ఆగిన బండిని నేనింతవరకు చూడలేదు. ఇంజిన్‌ని గేర్ బాక్స్‌తో, ఛాసిస్‌తో కలిపే సామాను దొరక్క ఆగినవే అన్నీ.

అపోహ: ఇంజిన్ దొరికితే సగం పని అయిపోయినట్టే

వాస్తవం: ఒట్టి ఇంజిన్ కొనడం అన్నిటికంటే తేలిక. కొనాల్సింది సెట్టు.

సెట్టు అంటే ఏమేమిటో చెప్తాను, రాసుకోండి. ఫ్లైవీల్ (ఇంజిన్ వెనకాల తిరిగే బరువైన చక్రం), దాని బోల్టులు (ఇవి మామూలు బోల్టులు కావు, బజారులో దొరికేవి వాడకండి), ఇంజిన్ వెనకాల ఉండే ప్లేటు, బెల్ హౌసింగ్, ప్రెషర్ ప్లేటు, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, క్లచ్ ఫోర్కు. సెల్ఫ్ మోటారు. ఆల్టర్నేటర్ దాని క్లాంపులతో సహా. డీజిల్ పంపు, నాజిల్స్, వాటి మధ్య స్టీలు పైపులు. ఫిల్టర్ హౌసింగ్. ఇంజిన్‌ను ఛాసిస్ మీద కూర్చోబెట్టే ఫౌండేషన్ బ్రాకెట్లు రెండువైపులవీ. ఎగ్జాస్ట్ మానిఫోల్డు, సైలెన్సర్ మొదటి ముక్క. ఫ్యాను, పుల్లీలు. చివరికి ఆయిల్ గేజ్ పుల్ల, అది దిగే గొట్టం కూడా. ఇవన్నీ ఆ ఇంజిన్‌తోపాటే, ఒకే బండి నుంచి దిగాలి. "అవి తర్వాత ఇప్పిస్తాలే" అని అమ్మేవాళ్లు అంటే డబ్బు కూడా తర్వాతే ఇవ్వండి.

ఈ పాఠం నేను నేర్చుకున్నది ఒక రైతు బండి మీద. నర్సీపట్నం వైపు నుంచి వచ్చారాయన. వేరే రాష్ట్రం బజారులో ట్రాక్స్ బండిలో వచ్చే ఓఎం616 ఇంజిన్ చవకగా దొరికిందని లారీలో వేయించుకుని తెచ్చారు. ఆ ఇంజిన్ మెర్సిడెస్ డిజైన్, 2.4 లీటర్లది, గట్టి ఇంజిన్. కానీ వెనకాల ఫ్లైవీల్ లేదు, హౌసింగ్ లేదు. నేనే ధైర్యం చెప్పి, రెండిటినీ జోడించే అడాప్టర్ ప్లేటు లేత్‌లో చేయించి జీపు గేర్ బాక్స్‌కు కలిపాను. బోల్టులు సాఫీగా దిగాయి. బండి కదిలింది. ఆరు వందల కిలోమీటర్లకు గేర్ బాక్స్ ముందు బేరింగ్ అరవడం మొదలైంది. ఇప్పి చూస్తే క్లచ్ ప్లేటు మధ్యభాగం చీలి ఉంది.

కారణం ప్లేటు సెంటరు తప్పడమే. ఇంజిన్‌లో తిరిగే క్రాంక్ షాఫ్ట్ సెంటరు, గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సెంటరు ఒకే గీత మీద ఉండాలి. కొంచెం పక్కకు జరిగినా, ఇంజిన్ తిరిగిన ప్రతి చుట్టుకూ షాఫ్ట్ ఒకసారి వంగుతుంది. నిమిషానికి రెండువేల చుట్లంటే రెండువేల వంపులు. ఏ బేరింగ్ తట్టుకుంటుంది? అప్పట్లో నా దగ్గర ఆ తేడా కొలిచే డయల్ గేజ్ లేదు. తప్పు నాదే కాబట్టి ఆయన దగ్గర మళ్లీ డబ్బు తీసుకోలేదు.

ఇప్పుడు ఏ అడాప్టర్ ప్లేటయినా ఇలా చూస్తాను. ఫ్లైవీల్ మీద అయస్కాంతం స్టాండు పెట్టి, డయల్ గేజ్ సూదిని బెల్ హౌసింగ్ నడిమి రంధ్రం అంచుకు ఆనించి, క్రాంక్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పుతాను. ముల్లు కదలిక మొత్తం 0.25 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే ప్లేటు మళ్లీ సెంటరు చేసి, రెండు డోవెల్ పిన్నులు కొట్టాకే బిగింపు. బోల్టులు బిగించి పట్టుకోవడానికే. స్థానం తప్పకుండా చూసేవి పిన్నులు. మీ మేస్త్రి దగ్గర డయల్ గేజ్ లేకపోతే కొనిపించండి, లేదంటే అడాప్టర్ జోలికి పోకండి.

అపోహ: ఏ డీజిల్ ఇంజిన్ అయినా జీపులో కూర్చుంటుంది

వాస్తవం: కూర్చోబెట్టవచ్చు. దేన్ని కోసి కూర్చోబెడతామన్నదే ప్రశ్న.

మన అదృష్టం ఏమిటంటే ఈ మార్పిడి ఫ్యాక్టరీ వాళ్లే మనకంటే ముందు చేసి పెట్టారు. 1970లలోనే మహీంద్రా డీజిల్ జీపులు వచ్చాయి. వాటి ఇంజిన్‌కు మూలం ఇంటర్నేషనల్ ట్రాక్టర్ ఇంజిన్. తర్వాత ప్యూజో డిజైన్‌తో ఎక్స్‌డీపీ 4.90 వచ్చింది: 2,112 సీసీ, నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు. ఆ తర్వాత 2,498 సీసీ ఎక్స్‌డీ3పీ. ట్రాక్టర్ వంశంలోనే పెరిగిన 2,523 సీసీ డీఐ ఇంకో దారి. వీటిలో దేన్ని తీసుకున్నా ఫౌండేషన్లు, హౌసింగ్, గేర్ బాక్స్ అన్నీ అదే కుటుంబంలో దొరుకుతాయి. నన్నడిగితే సీజే3బీకి ఎక్స్‌డీపీ గానీ డీఐ గానీ, అంతకుమించి వెతకొద్దు.

రెండిటికీ స్వభావాలు వేరు. ఎక్స్‌డీపీ కాస్త సాఫీగా పరుగెత్తుతుంది, 4,500 ఆర్పీఎం దాకా వెళ్తుంది. సిలిండర్లను ముందుగా వేడిచేసే హీటర్ ప్లగ్‌లు పనిచేయకపోతే చలికాలం పొద్దున్నే మొండికేస్తుంది. డీఐ కిందే లాగుతుంది, 3,200 దాటి తొక్కడంలో అర్థం లేదు, మోత ఎక్కువ. బొర్రా గుహల దగ్గర కటికి జలపాతానికి జీపులు వెళ్లే దారి చూశారు కదా. రాళ్ల మీద నడక వేగంతో ఎక్కాల్సిన అలాంటి చోట డీఐ లాగుడు హాయి.

ఇంజిన్ కొనేముందు మూడు కొలతలు తీసుకోండి. మొదటిది ఎత్తు. సీజే3బీకి ఆ ఎత్తు బానెట్ వచ్చిందే పొడుగాటి హరికేన్ ఇంజిన్ పట్టడానికి. అందుకే డీజిల్ కూడా పడుతుంది. అంతకుముందు వచ్చిన పొట్టి బానెట్ విల్లీస్‌లో పట్టదు. రెండోది ఇంజిన్ అడుగున ఆయిల్ చాంబర్ గుంత ఎక్కడుందన్నది. ఈ జీపుల ముందు ఇరుసు మీద డిఫరెన్షియల్ గుండు కుడివైపు ఉంటుంది. గుంతలో బండి పడి ఇరుసు పైకి లేచినప్పుడు అది చాంబర్‌కు తగలకూడదు. బండి నిలబెట్టినప్పుడు ఉన్న ఖాళీ చూసి మోసపోకండి, స్ప్రింగు పట్టీలు పూర్తిగా వంగితే ఎంత ఖాళీ మిగులుతుందో చూడండి. మూడోది కుడివైపు స్టీరింగ్ బాక్స్‌కూ మీరు పెట్టబోయే ఇంజిన్ భాగాలకూ మధ్య దూరం.

అపోహ: ఆర్సీ సంగతి తర్వాత చూసుకోవచ్చు

వాస్తవం: సామాను కొనకముందే చూసుకోవాల్సింది ఆర్సీ.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి లేదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. పెట్రోలు అని ఉన్న ఆర్సీని డీజిల్‌గా మార్పించడం ఈ రోజుల్లో తేలిక కాదు. అందుకే నా దగ్గరకు జీపు కొనక ముందే వచ్చే కుర్రాళ్లకు చెప్పేది ఒకటే: ఆర్సీలో ఇంధనం డీజిల్ అని ముందునుంచీ ఉన్న జీపు వెతుక్కోండి, అందులో కంపెనీ పెట్టిన ఇంజిన్ రకాన్నే మళ్లీ పెట్టండి. అప్పుడు కూడా ఇంజిన్ నంబరు మారుతుంది కాబట్టి ఆర్టీవో ఆఫీసులో ముందే అడిగి, పద్ధతి ప్రకారం అనుమతి తీసుకున్నాకే రెంచీ పట్టండి. పాత ఇంజిన్ కొన్నచోట బిల్లు, అది దిగిన బండి ఆర్సీ కాపీ తప్పకుండా అడగండి. ఇవ్వనంటే ఆ ఇంజిన్ వద్దు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2021లో వింటేజ్ బళ్లకు కేంద్రం ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరిగిన బండికి ఆ అవకాశం ఉండదు. మీ దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ ఒరిజినల్ ఇంజిన్‌తో ఉంటే దయచేసి దాన్ని నా షెడ్డుకు డీజిల్ కోసం తేవద్దు. ఆ పెట్రోలు ఇంజిన్‌నే బాగు చేసుకుందాం. అలాంటివి ఇంక తయారు కావు.

అపోహ: పాత మూడు గేర్ల బాక్సే చాలు, పినియన్ ముట్టుకోనక్కర్లేదు

వాస్తవం: ఒకసారి లెక్క వేసి చూడండి. సీజే3బీ ఇరుసులోని క్రౌన్ పినియన్ పళ్ల చక్రాల నిష్పత్తి 5.38, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ 5.38 చుట్లు తిరిగితే టైరు ఒక చుట్టు. 6.00-16 టైరు ఒక చుట్టుకు దాదాపు 2.2 మీటర్లు పోతుంది. టాప్ గేరులో ఇంజిన్ 3,000 తిరిగితే బండి వేగం గంటకు 73, 74 కిలోమీటర్లు. పెట్రోలు ఇంజిన్ ఇంకా పైకి తిరుగుతుంది కాబట్టి తెలియలేదు. డీఐ పెడితే హైవే మీద ఆ వేగానికే మోత మోగిపోతుంది. ఐదో గేరు నిష్పత్తి 0.8 దగ్గర ఉన్న బాక్సయితే అదే 3,000కు 92 వస్తుంది. ఎక్స్‌డీపీతో వచ్చే నాలుగు గేర్ల కేఎంటీ90 పొలాలకూ కొండలకూ సరిపోతుంది. రోజూ హైవే ఎక్కేవాళ్లు ఐదు గేర్ల బాక్స్ చూసుకోవాలి. ఏదైనా సరే, గేర్ బాక్స్‌ను, ముందు వెనక ఇరుసులకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌తో కలిపే కొనండి, లివర్లతో సహా. బాక్స్ పొడవు మారితే ముందు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టులు రెండూ కోసి బ్యాలెన్స్ చేయించాలి. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

అపోహ: షాపులో స్టార్ట్ చేసి చూపించారు కాబట్టి ఇంజిన్ బాగున్నట్టే

వాస్తవం: వేడిచేసి పెట్టిన ఇంజిన్ ఎవరికైనా స్టార్ట్ అవుతుంది. ముందు బ్లాకు మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూత తీయండి. పొగ దమ్ము కొట్టినట్టు తన్నుకొస్తుంటే రింగులు, బోరు అయిపోయినట్టే. ఆపాక ముందు పుల్లీని కడ్డీతో ముందుకూ వెనక్కూ నెట్టి చూడండి, టక్ టక్ అని ఆడితే క్రాంక్ థ్రస్ట్ బేరింగులు పోయాయి. రేడియేటర్ నీళ్ల మీద నూనె తేలుతున్నా, ఆయిల్ పాలటీ రంగులో ఉన్నా బేరం ఆడకుండా వచ్చేయండి. ఎలాగూ డీజిల్ పంపు కాలిబ్రేషన్, నాజిల్స్, హెడ్ లెవెల్ పని మీరు చేయించాల్సిందే.

హర్యానాలో మండీ డబ్వాలీ, ఢిల్లీలో మాయాపురి, చెన్నైలో పుదుపేట... సామాను ఎక్కడ దొరుకుతుందో పేర్లు అందరికీ తెలుసు. దూరం వెళ్లి కొన్నది తేడా వస్తే మళ్లీ వెళ్లలేం. అందుకే చేతికి అందేచోట, ఆటోనగర్ లాంటి చోటే ముందు నాలుగు రోజులు తిరగమంటాను.

అపోహ: మైలేజీతో పెట్టిన డబ్బు తిరిగొస్తుంది

వాస్తవం: లీటరుకు 8 ఇచ్చే బండి 12 ఇచ్చిందనుకుందాం. నెలకు 300 కిలోమీటర్లు తిరిగితే 37.5 లీటర్ల పెట్రోలు బదులు 25 లీటర్ల డీజిల్. పెట్రోలు 108, డీజిల్ 96 అనుకుంటే నెలకు మిగిలేది 1,650 రూపాయలు. ఆదివారాలు మాత్రమే తీసే బండికి అదీ ఉండదు. లాగుడు కోసం, పల్లెలో ఏ మేస్త్రి అయినా బాగు చేయగలడన్న భరోసా కోసం డీజిల్ పెట్టుకోండి.

అపోహ: కొత్త సీఆర్‌డీఐ ఇంజిన్ పెడితే ఇంకా మంచిది

వాస్తవం: దాన్ని నడిపించేది కంప్యూటరు. ఆ కంప్యూటరు (ఈసీయూ), వైరింగ్ మొత్తం, పెడల్, సెన్సర్లు, తాళం చెవి కూడా అదే బండివి కావాలి. బండి మొత్తం కొనగలిగితే ఆలోచించండి.

అపోహ: పెట్రోలు బండి ట్యాంకు, వైరింగ్, మిగతా చిల్లర సామాను అలాగే ఉంచేయొచ్చు

వాస్తవం: ట్యాంకు శుభ్రంగా కడిగితే పనికొస్తుంది, కానీ నాజిల్స్ నుంచి మిగులు డీజిల్ తిరిగొచ్చే రిటర్న్ పైపుకు కొత్త దారి పెట్టాలి. జింకు పూత ఉన్న ట్యాంకు, పైపులు వద్దు. జింకు డీజిల్‌తో కలిసి సబ్బులా మారి ఫిల్టర్లు మూసేస్తుంది. పాత 6 వోల్టుల బండి అయితే కరెంటు అంతా 12కు మారాలి, బ్యాటరీ కేబుళ్లు లావైనవి వేయాలి. డీజిల్ బరువు ముందు పడుతుంది కాబట్టి ముందు పట్టీలు, బ్రేకులు చూసుకోవాలి. బ్రేక్ బూస్టర్ పెట్టుకుంటే డీజిల్‌లో మానిఫోల్డ్ వాక్యూమ్ రాదు, వాక్యూమ్ పంపు ఉన్న ఆల్టర్నేటరే తీసుకోండి. రేడియేటర్ కూడా ఆ ఇంజిన్‌దే, ఫ్యాను చుట్టూ కవరుతో సహా.

ఇక స్టాపర్ కేబుల్. పెట్రోలు బండిలో తాళం తిప్పితే స్పార్క్ ఆగి ఇంజిన్ ఆగుతుంది. డీజిల్‌కు స్పార్క్ లేదు. పంపు దగ్గర డీజిల్ ఆపే సోలెనాయిడ్ గానీ, చేత్తో లాగే కేబుల్ గానీ ఉండాలి. మొదటిసారి స్టార్ట్ చేసే రోజు ఎయిర్ క్లీనర్ గొట్టం బిగించకండి. మానిఫోల్డ్ మూతిని పూర్తిగా మూసేంత చెక్క పలక ఒకటి మనిషి చేతిలో పెట్టి పక్కన నిలబెట్టండి. పంపు ఇరుక్కుపోయినా, పాడైన ఇంజిన్ తన ఆయిల్‌నే తాగి అదుపు తప్పినా, తాళం తీసినా కేబుల్ లాగినా ఆగకపోవచ్చు. అప్పుడు గాలి ఆపాల్సిందే. అరచెయ్యి గానీ గుడ్డ గానీ అడ్డం పెట్టకూడదు, లోపలికి లాగేస్తుంది. నా షెడ్డులో ఆ పలక గోడకు మేకు కొట్టి వేలాడుతూ ఉంటుంది, అది చేతిలోకి వచ్చాకే సెల్ఫ్ కొడతాం.