బతుకమ్మ పూలకు పటం: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో మా ఇంటి ముందు గదే నా షాపు. పెత్రమాస నుంచి సద్దుల బతుకమ్మ దాకా "అక్కా, ఈ పూలను పటం కట్టియ్యవా" అని వచ్చేవాళ్లు చాలామంది. అందరూ దాదాపు అవే మాటలు చెప్తారు. వాటిలో సగం తప్పులే.

అపోహ: నాలుగు రోజులు పుస్తకంలో పెడితే ఏ పువ్వయినా ఎండుతుంది.

పైకి ఎండినట్టే కనిపిస్తుంది, లోపల తేమ ఉంటుంది. పైగా మనకు పూలొచ్చే రోజుల్లో వానలు ఇంకా పూర్తిగా పోవు. నేను మొదట్లో కట్టిన తంగేడు పటం పది రోజులకే అద్దం లోపల మబ్బు పట్టింది, ఆ తర్వాత పసుపు రేకుల మీద నల్లటి చుక్కలు లేచాయి. దాన్ని కట్టించుకున్న వదిన ఏమీ అనలేదు గానీ, మళ్లీ రాలేదు.

తంగేడును మంచు ఆరాకే కోయాలి. మొగ్గలు తీసేసి, విచ్చిన పూలు మాత్రమే కాగితాల మధ్య పెట్టి పైన బరువు పెట్టాలి. మొదటి మూడు రోజులు రోజూ కాగితం మార్చాలి, ఆ తర్వాత రెండు మూడు వారాలు కదిలించకూడదు. తీసిన పువ్వును చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే, మళ్లీ లోపల పెట్టేయండి. బంతిని మొత్తంగా నొక్కితే తొడిమ దగ్గర బూజు పడుతుంది. రెక్కలు విడదీసి ఎండబెట్టి, అతికించేటప్పుడు మళ్లీ పువ్వులా పేర్చుకోవాలి.

అపోహ: గునుగును కూడా నొక్కాల్సిందే.

అసలు అవసరం లేదు. పుట్టుకతోనే కాగితంలాంటి పువ్వది. కట్ట కట్టి, ఎండ పడని చోట తలకిందులుగా వేలాడదీస్తే చాలు, ఆకారం చెడదు. బతుకమ్మ కోసం రంగులో ముంచిన గునుగుతోనే చిక్కు. సరిగ్గా ఆరకపోతే కింది తెల్ల కాగితానికి గులాబీ మరకలు అంటుకుంటాయి. పటానికైతే రంగు వేయని గునుగే నాకిష్టం.

అపోహ: అద్దం ఆని ఉంటేనే పువ్వు కదలదు.

ఎక్కువ పటాలు పాడయ్యేది ఇక్కడే. పువ్వు అద్దానికి తగిలితే తేమ అక్కడే చేరుతుంది. మౌంట్ బోర్డును, అంటే పటాలకు వాడే మందపాటి అట్టను, సన్నని పట్టీలుగా కోసి, నాలుగు అంచుల్లో అద్దం కింద పెట్టండి. ఫ్రేము అంచు వాటిని కప్పేస్తుంది, బయటికి కనబడవు. గునుగుకైతే అంగుళం లోతున్న బాక్స్ ఫ్రేము కావాలి. ఇక ఫెవికాల్ అంటారా, అగ్గిపుల్ల కొనతో ఒక చుక్క. అంతకంటే ఎక్కువ పెడితే దాని తడే పువ్వును చెడగొడుతుంది.

అపోహ: వార్నిష్ స్ప్రే కొడితే రంగు పోదు.

రంగును తినేది వెలుతురు. స్ప్రే దాన్ని ఆపలేదు. కిటికీకి ఎదురుగా తగిలిస్తే తంగేడు పసుపు మట్టిరంగులోకి దిగిపోతుంది. అందుకే నేను వెనక అట్టకు మేకులు కొట్టను, తిప్పే క్లిప్పులు పెడతాను. సంక్రాంతికి నవధాన్యాలు, ఉగాదికి వేపపూత, మళ్లీ దసరాకు గునుగు, ఇలా అదే ఫ్రేములో మార్చుకోవచ్చు. ధాన్యాన్ని మాత్రం ముందు ఒక వారం డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, తీశాక ఆరబెట్టండి. లేకపోతే పటంలో పురుగులు తిరుగుతాయి.

అపోహ: నిమజ్జనం చేయాల్సిన పూలను ఇంట్లో దాచకూడదు.

ఈ మాట ఎక్కువగా పెద్దవాళ్లే అంటారు. వాళ్ల మాట తీసేయను. బతుకమ్మలో పేర్చిన పూలు నీళ్లలోకే పోవాలి. నేను అడిగేది పేర్చగా బుట్టలో మిగిలినవి. వాటికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఒక మాట మరిచాను. వానాకాలం నెమ్మెక్కే గోడకు పటాన్ని ఆనించి తగిలించొద్దు. వెనక కింది మూలలకు రెండు చిన్న రబ్బరు బిళ్లలు అతికిస్తే మధ్యలో గాలి ఆడుతుంది.