ముందు టేపులు, తర్వాత మనుషులు: పంక్ తొలిరోజుల గురించి పిల్లలకు ఉత్తరం

పిల్లలూ,

పంక్ సంగీతం తొలిరోజుల చరిత్రను కూడబెట్టాలనుకున్నారు, సంతోషం. పాతవాళ్ల ఇంటర్వ్యూలతో మొదలుపెడతామన్నారే, అది మాత్రం ఆఖర్న పెట్టుకోండి.

ఎందుకంటారా? 1976 జూన్ 4న మాంచెస్టర్‌లోని లెస్సర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండు వాయించింది. వచ్చినవాళ్లు సుమారు 40 మంది అని చెప్తారు. "ఆ రోజు నేనూ ఉన్నాను" అనేవాళ్లందరినీ పోగేస్తే ఆ హాలు చాలదు. అలాగని అందరూ కోతలు కోస్తున్నట్టు కాదు. అదే బ్యాండు అదే హాల్లో జులై 20న మళ్లీ వాయించింది, ఈసారి జనం బాగా వచ్చారు. ఏళ్లు గడిచేసరికి ఆ రెండు రాత్రులూ బుర్రలో కలిసిపోతాయి. విడదీయాలంటే "వాళ్లకంటే ముందు ఎవరు వాయించారు?" అని అడగండి. బజ్‌కాక్స్ అనే మాంచెస్టర్ బ్యాండు పేరు చెప్పారంటే అది జులై. జూన్ కచేరీని ఏర్పాటు చేసింది బజ్‌కాక్స్ కుర్రాళ్లే, హోవర్డ్ డెవోటో, పీట్ షెల్లీ. కానీ అప్పటికి వాళ్ల బ్యాండు వేదికెక్కడానికి సిద్ధంగా లేదు. ఈ ప్రశ్న మీకు తట్టాలంటే కాగితాలు ముందే చదివి ఉండాలి.

కచేరీ కరపత్రాల మీద వారం, తేదీ ఉంటాయి, సంవత్సరం సాధారణంగా ఉండదు. వచ్చే వారం కార్యక్రమానికి సంవత్సరం ఎవరు వేస్తారు? పాత క్యాలెండర్లు చూసుకోండి. సెక్స్ పిస్టల్స్ కరపత్రం మీద "శుక్రవారం, జూన్ 4" అని ఉందనుకోండి. జూన్ 4 శుక్రవారం పడింది 1971, 1976, 1982ల్లో. సెక్స్ పిస్టల్స్ మొదటి కచేరీ 1975 నవంబరులో, విడిపోయింది 1978 జనవరిలో. ఇక మిగిలేది ఒక్క సంవత్సరమే.

ఫ్యాన్‌జీన్లతో, అంటే అభిమానులు సొంతంగా వేసుకున్న చిన్న పత్రికలతో జాగ్రత్త. లండన్‌లో మార్క్ పెర్రీ 1976 జులైలో మొదలుపెట్టిన స్నిఫిన్ గ్లూ మొదటి సంచిక 50 కాపీలే, అవీ ఫొటోకాపీలు. ఫొటోకాపీలో నలుపు సిరా కాదు, వేడికి కాగితానికి అతుక్కున్న ప్లాస్టిక్ పొడి. మెత్తగా, ఘాటు వాసనతో ఉండే పీవీసీ కవర్లలో పెడితే అక్షరాలు కవరుకు అంటుకుని ఊడొస్తాయి. పాలీప్రొపిలీన్ కవర్లు వాడండి. తుప్పు పట్టిన పిన్నులు తీసేయండి, చిరుగులకు సెలోటేపు వేయకండి. స్కాను 600 డీపీఐలో, టిఫ్ ఫైలుగా, రెండు వైపులా తీయండి. వెనకవైపు రాసిన పాటల వరస ఒక్కోసారి ముందువైపు బొమ్మకన్నా విలువైనది.

ఇక క్యాసెట్లు. తొందరపడితే నష్టం ఎక్కువగా జరిగేది వీటితోనే. క్యాసెట్ పై అంచున రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి. అన్నిటికన్నా ముందు ఆ రెండూ విరిచేయండి, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా టేపు చెరగదు. లోపల టేపును హెడ్డుకు (టేపు మీది శబ్దాన్ని చదివే ప్లేయరు భాగానికి) నొక్కిపట్టే ఫెల్టు ముక్క ఉందో లేదో చూడండి. జిగురు ఎండి అది ఊడిపోతే శబ్దం మందగిస్తుంది. అప్పుడు టేపును మరలతో బిగించే వేరే డబ్బాలోకి మార్చాలి. సీ-120, అంటే 120 నిమిషాల టేపు మరీ పల్చన, దాన్ని వేగంగా తిప్పితే తెగుతుంది. హెడ్డును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి.

తర్వాత అజిముత్, అంటే హెడ్డు వంపు. ఒక్కో రికార్డరుది ఒక్కోలా ఉంటుంది. హెడ్డు పక్కనున్న మరను మోనోలో వింటూ వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. డ్రమ్స్‌తో వాయించే ఇత్తడి తాళాలు (సింబల్స్) ఎక్కడ తేటగా మోగితే అక్కడ ఆపండి. ఇది ప్రతి టేపుకూ చేయాల్సిందే. డాల్బీతో, అంటే టేపు బుసను తగ్గించే ఏర్పాటుతో రికార్డు చేశారో లేదో తెలియకపోతే ప్లేయరులో డాల్బీ బటన్ ఆపేసి ఉంచండి.

వేగం దగ్గర పంక్ మనల్ని తేలిగ్గా మోసం చేస్తుంది. రికార్డరులో బ్యాటరీ నీరసించి టేపు నెమ్మదిగా కదిలి ఉంటే, ఇప్పుడు వింటున్నప్పుడు పాట పరుగెడుతుంది, గొంతు కీచుమంటుంది. పంక్ కదా, అంత జోరుగానే వాయించారేమో అనుకుంటాం! ఆంప్లిఫైయర్ల హమ్, అంటే కరెంటు వల్ల వాటిలోంచి వచ్చే సన్నని గుయ్‌మనే మోత వెతకండి. బ్రిటన్‌లో కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాలో 60. లండన్ టేపులో హమ్ 52 దగ్గర కనిపిస్తే వేగం 4 శాతం ఎక్కువ. ఆ దిద్దుబాటు కాపీలో చేయండి, అసలు ఫైలును ముట్టుకోకండి. ఆ అసలు ఫైలు 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్‌గా ఉండాలి. స్టీరియోలో 90 నిమిషాలకు సుమారు 3.1 గిగాబైట్లు పడుతుంది. ఎంపీ3 వినిపించడానికే.

రికార్డులు దొరికితే అట్టలు కూడా చదవండి. బజ్‌కాక్స్ 500 పౌండ్లు అప్పు చేసి 1977 జనవరిలో సొంతంగా వేసుకున్న రికార్డు అట్ట మీద, ప్రతి పాటా ఎన్నో టేకులో కుదిరిందో, తర్వాత ఏం కలిపారో అచ్చువేశారు. చాలా బ్యాండ్లకు ఆ ధ్యాసే లేదు.

ఇవన్నీ అయ్యాక మనుషుల దగ్గరికి వెళ్లండి. కరపత్రం చేతికిచ్చి, "ఈ హాల్లో వేదిక ఏ వైపు ఉండేది? టికెట్టు ఎంత? ఇంటికెలా వెళ్లారు?" అని అడగండి. "అప్పట్లో ఎలా ఉండేది?" అని అడిగితే వందసార్లు చెప్పిన కథే మళ్లీ చెప్తారు. వాళ్లు చెప్పిన తేదీ కాగితంతో కలవకపోతే ఎదురుగా దిద్దకండి, రెండూ విడివిడిగా రాసుకోండి. మాటలు ఎక్కడెక్కడ వాడుకుంటారో రాసిన కాగితం మీద అదే రోజు సంతకం తీసుకోండి. కరపత్రాల మీద ఇళ్ల ఫోన్ నంబర్లుంటే బయటపెట్టే కాపీలో కప్పేయండి.

మొదటి టేపు ఎక్కించగానే అందులోంచి రెండు నిమిషాల వేవ్ ఫైలు నాకు పంపండి. అజిముత్ కుదిరిందో లేదో విని చెప్తాను.

మీ
తాతయ్య