ఎల్‌డీఎం అప్‌గ్రేడ్ చేస్తే డేటా పోతుందా? అపోహలు - వాస్తవాలు

"అన్నా, ఎల్‌డీఎం ఆపితే ఆ కాసేపటి డేటా ఇక రాదు కదా?" వాతావరణ శాస్త్రం చదవడానికి అమెరికా వచ్చి, ల్యాబులో ఓ మూలనున్న యూనిక్స్ వర్క్‌స్టేషన్ బాధ్యత నెత్తిన పడ్డ మన పిల్లలు నన్ను మొదట అడిగేది ఇదే. ఎల్‌డీఎం (లోకల్ డేటా మేనేజర్) అంటే వాతావరణ డేటాను ఒక మెషీన్ నుంచి మరోదానికి వచ్చింది వచ్చినట్టే తెచ్చిపెట్టే యూనిడేటా సాఫ్ట్‌వేర్. పాపం, వాళ్ల భయం ఉత్తదేం కాదు. ప్రొఫెసర్ గారి క్లాసులో మ్యాపులు, సొంత థీసిస్, అన్నీ ఆ డబ్బా మీదే నడుస్తుంటాయి. "నడుస్తున్నదాన్ని కదపకు" అని సీనియర్లు చెప్పిపోయి ఉంటారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఏళ్లనాటి వెర్షన్లను అలాగే మోస్తున్న ల్యాబులు నాకు తెలుసు.

అపోహ: ఆపితే డేటా పోతుంది.

పోదు. ఎల్‌డీఎం మళ్లీ లేచినప్పుడు, చివరిగా అందిన ప్రోడక్టు (రిపోర్టు, మ్యాపు లాంటి ఒక్కో డేటా ముక్క) ఏ సమయానిదో చూసుకుని, అక్కడి నుంచి పంపమని అప్‌స్ట్రీమ్‌ను, అంటే మనకు డేటా పంపే మెషీన్‌ను, అడుగుతుంది. మామూలు సెట్టింగుల్లో గంట వెనక్కి వెళ్లగలదు. అప్‌స్ట్రీమ్ క్యూలో (వచ్చిన డేటాను కొంతసేపు నిలవుంచే ఫైల్లో) ఆ గంట డేటా ఉంటే చాలు, మొత్తం వచ్చేస్తుంది. మరి మీరు ఆపేది ఎంతసేపు? కంపైల్, ఇన్‌స్టాల్ రెండూ పాతది నడుస్తుండగానే చేసుకోవచ్చు. ప్రతి వెర్షన్‌కూ దాని డైరెక్టరీ వేరు. ఆపడం, ఏ వెర్షన్ నడవాలో చూపే 'రన్‌టైమ్' లింకును కొత్త డైరెక్టరీకి తిప్పడం, మళ్లీ మొదలుపెట్టడం, అంతే పని. నిమిషం పట్టదు. నచ్చకపోతే లింకును వెనక్కి తిప్పండి, పాతది యథాతథంగా అక్కడే ఉంటుంది. సమయం పక్కాగా ఉండాలంటే మాత్రం మెషీన్ గడియారం ఎన్‌టీపీతో (నెట్ ద్వారా టైమ్ సరిచేసే పద్ధతితో) సరిగ్గా నడుస్తుండాలి. అది తప్పితే "ఎప్పటి నుంచి" అన్న లెక్కే తప్పుతుంది.

అపోహ: అప్‌గ్రేడ్ అంటే క్యూ చెరిపేసి కొత్తది చేయాలి.

అసలు నష్టం ఇక్కడుంది. డేటా పోతుందని భయపడ్డవాళ్లే, ఎవరో చెప్పారని డెల్‌క్యూ, ఎమ్‌కే‌క్యూ (క్యూ చెరిపే, కొత్తది చేసే కమాండ్లు) కొట్టేస్తారు. క్యూలో ఉండేది ప్రోడక్టులే కాదు, ప్రతిదాని ఎమ్‌డీ5 సంతకం (ఆ డేటా నుంచి లెక్కగట్టే గుర్తు) కూడా. వచ్చింది పాతదా కొత్తదా అని ఎల్‌డీఎం తేల్చుకునేది ఆ సంతకంతోనే. క్యూ చెరిపితే చివరిగా ఏం అందిందో దానికి గుర్తుండదు, గత గంటంతా మళ్లీ తెప్పించుకుంటుంది. సంతకాలు లేవు కనుక అన్నీ కొత్తవే అనుకుంటుంది. వచ్చిన ప్రోడక్టును ఏం చేయాలో చూసే పీక్యూయాక్ట్ ప్రోగ్రాంలో, ఫైల్లో రాసే 'ఫైల్' యాక్షన్ మామూలుగా అప్పటికే ఉన్న ఫైలు చివర కొత్తది అతికిస్తుంది, పాతదాన్ని తుడవదు. దాంతో ఒకే మెటార్ (విమానాశ్రయ వాతావరణ రిపోర్టు) రెండుసార్లు చేరుతుంది.

ఒకబ్బాయి ఇలాగే క్యూ చెరిపాడు. మర్నాడు అతని స్క్రిప్టు మెటార్లలోని గంటవారీ వాన కూడితే, ఒక గంట వాన సరిగ్గా రెట్టింపు వచ్చింది. "కొత్త వెర్షన్‌లో బగ్ ఉందన్నా, పాతదానికి వెళ్లిపోతా" అని రాత్రి పదకొండింటికి ఫోన్. డీకోడర్ అంతా తవ్వేశాడట. ఫైలు తెరిచి ఒక స్టేషన్ పేరు వెతకమన్నాను. ఒకే రిపోర్టు, అక్షరం మారకుండా, రెండుచోట్ల ఉంది. ఫోన్‌లో కాసేపు మాటే లేదు.

క్యూ నిజంగా పాడైనా, సైజు పెంచాల్సి వచ్చినా కొత్తది చేయక తప్పదు. అప్పుడు రిజిస్ట్రీలో (ఎల్‌డీఎం సెట్టింగుల ఫైల్లో) ఎంత వెనక నుంచి అడగాలో చెప్పే టైమ్-ఆఫ్‌సెట్‌ను మీరు ఆపిన వ్యవధికి సరిపడా తగ్గించి మొదలుపెట్టండి. సైజు పెంచే అవసరం చాలామందికి ఉంటుంది కూడా. డిఫాల్ట్ 500 మెగాబైట్లు. లెవెల్ 2 రాడార్, కాండ్యూట్ (వాతావరణ మోడళ్ల డేటా) లాంటి భారీ ఫీడ్లు తెప్పించుకుంటూ అంతే ఉంచితే క్యూలో గంట డేటా నిలవదు. రెండు అప్‌స్ట్రీమ్‌లు పెట్టుకున్నవాళ్లకు డూప్లికేట్లు పట్టుబడకుండా లోపలికి వచ్చేది అందుకే: రెండోది వచ్చేసరికి మొదటిదాని సంతకం క్యూలో ఉండదు. అన్నట్టు, ఆ క్యూను ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ డిస్క్) మీద పెట్టకండి. లోకల్ డిస్కే.

మిగతావి, గబగబా.

ఎల్‌డీఎంను రూట్‌గా (అన్ని అధికారాలున్న అడ్మిన్ యూజర్‌గా) నడపాలంటారు. అక్కర్లేదు, 'ఎల్‌డీఎం' యూజర్ చాలు. ఎల్‌డీఎం వాడే 388 పోర్టు 1024 లోపుది, అలాంటివి తెరవడానికి రూట్ అనుమతి కావాలి కనుక, ఇన్‌స్టాల్ తర్వాత ఒక్కసారి రూట్-యాక్షన్స్ (రూట్‌గా చేసే చివరి ఇన్‌స్టాల్ మెట్టు) మాత్రం చేయాలి. హోమ్ డైరెక్టరీ నోసుయిడ్‌తో (అలాంటి రూట్ అనుమతులను పట్టించుకోని సెట్టింగుతో) మౌంటై ఉంటే అది చేసినా ఫలితం ఉండదు, ముందే చూసుకోండి.

కాన్ఫిగ్ ఫైళ్లన్నీ మళ్లీ రాయాలన్నది ఉత్త పుకారు. ఎల్‌డీఎండీ.కాన్ఫ్, పీక్యూయాక్ట్.కాన్ఫ్ పాతవే పనిచేస్తాయి. మరీ పాతదాని నుంచి వస్తే సెట్టింగులను రిజిస్ట్రీ ఫైల్లోకి మార్చుకోవాలి, అంతే. ఎడిటర్‌లో కాపీ చేసేటప్పుడు ట్యాబులు స్పేసులుగా మారితే పీక్యూయాక్ట్ ఒప్పుకోదు. ఆ తప్పు వెర్షన్‌ది కాదు, మీ ఎడిటర్‌ది.

అప్‌స్ట్రీమ్ వాళ్ల అనుమతి మళ్లీ తీసుకోవాలా? వాళ్ల అలవ్ లైను (ఎవరికి డేటా ఇవ్వాలో కాన్ఫిగ్‌లో రాసుకునేది) చూసేది మీ మెషీన్ పేరు, ఐపీ. వెర్షన్‌తో దానికి పనిలేదు. కానీ చాలామంది ఇదే అదనుగా వర్క్‌స్టేషన్ కూడా మార్చేస్తారు. కొత్త ఐపీకి రివర్స్ డీఎన్ఎస్ (ఐపీ నుంచి మెషీన్ పేరు తెలిపే నమోదు) ఉండదు, డేటా రాదు, నింద ఎల్‌డీఎం మీద పడుతుంది. కొత్త మెషీన్ నుంచి ముందు నోటిఫైమీతో (డేటా దించకుండా, ఏమేం ఉన్నాయో మాత్రం అడిగే కమాండ్‌తో) అప్‌స్ట్రీమ్‌ను అడిగి చూడండి. అక్కడే తిరస్కరిస్తే ఇన్‌స్టాలేషన్‌ను కెలకకండి, అప్‌స్ట్రీమ్ వాళ్లకు పూర్తి హోస్ట్‌పేరుతో ఒక ఈమెయిల్ పెట్టండి.